కొంగు కొస

కత్తిపీట ముందు కూచుని కానాగంతల కడుపులు చీలుస్తూ చీలుస్తూ వనజాక్షి కునికింది. చేతిలో చేప జారింది. బొటనవేలు తెగింది. ఆ వేలు ఉప్పునీళ్ళ తొట్టిలో పడి మంట పుట్టాక గాని ఆమెకు తెలివి రాలేదు.

“అయ్యో తల్లే!” పక్కింటి పోలేరమ్మ చీపురు పడేసి వచ్చింది. “పట్టపగలు ఇట్టా కునుకుతావేంది మే? రేత్రంతా ఏం చేస్తుండావు?”

నోట్లో పెట్టుకున్న వేలు బయటికి తీసి మరీ జవాబు చెప్పింది వనజాక్షి. “నిద్ర పోనిస్తే గదా అత్తా! గోడవతల నీకు వినపళ్ళా?”

“వినపడకేం! మొదట బోటు ఇంజను మాదిరి మొదలవుతాది. ఉన్నట్టుండి ఆగిపోతాది. ఏందబ్బా, పాణం పోయిందా అని నేను లేచి కూచుంటా. అంతలో, నీళ్ళలో మునిగినోడు పైకి తేలినట్టు గుప్పుమని ఊపిరి! మళ్ళా ఇంజను.” పోలేరమ్మ ముక్కు మూసుకుని, బుగ్గలు పొంగించి ఆ మోత చేసి చూపించింది. చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళంతా నవ్వారు.

“నువ్వన్నా పూర్తిగా వింటుండావు. నాకు మెలకువ వచ్చేసరికి ఆపేస్తాడు. కళ్ళు తెరుచుకుని నా వంకే చూస్తుంటాడు, ఏమీ ఎరగనోడి మాదిరి. దానికి తోడు నా కొంగు కొస పట్టుకుని పడుకుంటాడు, చంటిబిడ్డ మాదిరి. పట్టుకుంటే పట్టుకున్నాడు, ఊరికే ఉంటాడా? లాగతా ఉంటాడు.”

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. తాటాకు పందిరి కింద వల బాగుచేస్తున్న ఆమె మొగుడు కామాక్షయ్య తలెత్తకుండానే నవ్వాడు. చిరిగిన వల కన్ను దగ్గర సూది దూర్చి, ముడి వేసి, దారం పంటితో తెంచాడు. అతని కళ్ళ కింద చర్మం నల్లగా సంచుల్లా వేలాడుతోంది. ఒడ్డున అందరికీ అతను గురక కామాక్షయ్యే. తన గురకతో తనకే నిద్ర లేక పగలు తూగుతాడని, విడవలూరు సంతలో చేపలమ్మే చోట కూడా వనజాక్షి చెప్పి నవ్వించేది. పొద్దున లేస్తే నోరెండిపోయి, తల పగిలిపోతున్నట్టు ఉండేది ఆమెకు. నుదుటికి బామ్ రుద్దుకుంటూ, “నీ పుణ్యమే మావా,” అనేది. అతను స్టవ్ మీద టీ పెట్టి ఆమెకు గ్లాసు అందించేవాడు.

ఆ మధ్యాహ్నం మధుబాబు వచ్చాడు. బోటు అతనిది. వయసులో చిన్నవాడు. పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు గాని, కూచోమంటే కూచోలేదు.

“వదినా, వేట నిషేధం తీసేస్తుండారు. ఈ వారంలో బోటు దించుతుండా,” అన్నాడు. చూపు మాత్రం కామాక్షయ్య వైపు పోనివ్వడం లేదు. “ఈసారి అన్నని ఎక్కించుకోలేను.”

వనజాక్షి చేతిలోని ఉప్పు తొట్టిలో వదిలేసింది. “ఎందుకంట?”

“ఎందుకో నీకు తెల్దా? పోయిన దఫా వల నీళ్ళలో ఉన్నప్పుడు కాపలా వంతు అన్నది. అన్న పడి నిద్రపోయినాడు. పక్క బోటు అడుగున తిరిగే ఫ్యాను తగిలి వల సగం చీలికలయింది. అన్న మంచోడు, నేను కాదన్ను. గాలాల పనిలో అన్న తర్వాతే ఎవరైనా. కానీ నిద్రపోయే మనిషిని కాపలా పెట్టి, మిగతా వాళ్ళం ఎట్టా కన్ను మూసేది చెప్పు?”

కామాక్షయ్య వల మీద చెయ్యి ఆపాడు. “వాడన్నదాంట్లో తప్పేముండాది,” అన్నాడు మెల్లగా.

“నువ్వు నోర్ముయ్యి,” అంది వనజాక్షి. “బోటు ఎక్కకపోతే ఒడ్డున కూచుని ఏం చేస్తావు, నా చేపలకి కాకులు తోలతావా?”

మధుబాబు ఇబ్బందిగా మెడ వెనక గోక్కున్నాడు. “కొడవలూరులో మా బావమరిదికి ఇదే గురక. నెల్లూరులో ఆపరేషన్ చేసినారు. గొంతులో ఏదో కోసి కుట్టినారంట. ఇప్పుడు పిల్లి మాదిరి పడుకుంటాడు. అన్నకీ చేయించు వదినా. నయమైతే ఆ చోటు అన్నదే, ఇంకొకర్ని ఎక్కించుకోను.”

గొంతులో కోత అనేసరికి వనజాక్షి తెగిన బొటనవేలిని గుప్పిట్లో మూసుకుంది. మొగుడి వైపు చూసింది. అతను భయపడలేదు. సూది పక్కన పెట్టి, “పోదాం,” అన్నాడు. “ఆ డాక్టరు యాడ ఉంటాడు?”

అంత తొందరగా అతను ఒప్పుకోవడం ఆమెకు వింతగానే తోచింది.

*

నెల్లూరు బస్సులో కూచున్న కాసేపటికే ఆమె తల అతని భుజం మీదికి వాలింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి బస్సు ఊళ్ళోకి వచ్చేసింది. అతని చొక్కా భుజం ఆమె లాలాజలంతో తడిసి ఉంది. అతని చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది, వేళ్ళు మూసి తెరుస్తున్నాడు. ఎడమ చేతి చూపుడు వేలికి మాత్రం ఆమె కొంగు కొస చుట్టి ఉంది.

“బస్సులో కూడానా? సిగ్గు లేదూ,” అని కొంగు లాక్కుంది.

పొగతోట అనే పేటలో ఆసుపత్రులు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టుంటాయి. అందులో ఒక చిన్న మేడ మీద డాక్టర్ షమీమ్ గది. నడివయసు మనిషి. తెల్లకోటు, తలకు కట్టిన గళ్ళ స్కార్ఫు. తొందర లేకుండా మాట్లాడుతుంది. కామాక్షయ్య నోట్లోకి టార్చి వేసి చూసింది. ‘ఆ’ అనమంది. నాలుక నొక్కి చూసింది. సన్నటి గొట్టం ముక్కులో దూర్చి చూసింది. తీసేశాక కాసేపు పెన్ను గడ్డానికి ఆనించుకుని కూచుంది.

“గొంతు చాలా వెడల్పుగా ఉందే మీకు. మెడ కూడా సన్నం. గురక ఎన్నేళ్ళుగా?”

కామాక్షయ్య భార్య వైపు చూశాడు. ఆమే అందుకుంది. “చాలా ఏళ్ళయిందమ్మా. మా వీధి వీధికంతా తెలుసు. ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు? బోటు దించేలోపల అయిపోవాల.”

డాక్టరమ్మ నవ్వింది. “ఎక్కడ కొయ్యాలో తెలియకుండా ఏది కొయ్యమంటారమ్మా?” తన కోటు చేతిని కొంచెం కిందికి లాగి, అరచెయ్యి దాటి వేలాడేట్టు చేసింది. “ఇది గొంతు అనుకోండి. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు బిగువుగా పట్టి ఉంచుతాయి, దారి తెరిచి ఉంటుంది. నిద్రపోతే వదులవుతుంది. గాలి పీల్చినప్పుడు గుడ్డ కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది, అది గురక. ఒక్కోసారి పూర్తిగా అతుక్కుపోతుంది.” వేళ్ళతో చేతి గుడ్డను నొక్కి మూసింది. “అప్పుడు ఊపిరి ఆగిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే. మనిషికి గుర్తుండదు. పొద్దున తలనొప్పి, పగలంతా మత్తు. వదిలేస్తే బీపీ పెరుగుతుంది, గుండెకీ మంచిది కాదు.”

“పాణానికే ముప్పా?” కామాక్షయ్య అడిగాడు. గదిలోకి వచ్చాక అతను అడిగిన మొదటి మాట అది.

“వైద్యం చేయించుకోకపోతే కొందరికి, అవును.”

వనజాక్షి అతని మోకాలు మీద చెయ్యి వేసింది.

“వైద్యం అంటే, మొదట మేం చెప్పేది మాస్కు,” అంది డాక్టరమ్మ. “చిన్న మిషను గాలి ఊదుతుంది. ఆ గాలే గొంతు మూసుకోకుండా పట్టుకుంటుంది. అది పడనివాళ్ళకి, లేకపోతే గొంతులో అడ్డం స్పష్టంగా కనిపించేవాళ్ళకి ఆపరేషన్. అదీ అందరికీ ఒకటి కాదు. టాన్సిల్స్ పెద్దవైతే అవి తీసేస్తాం. కొండనాలుక పక్కన మెత్తగా వేలాడే భాగం వదులుగా ఉంటే, కొంచెం కత్తిరించి, పక్కలకి లాగి కుడతాం.”

“మధుబాబు బావమరిదికి చేసింది అదే అయ్యుంటాది,” అంది వనజాక్షి.

“కావచ్చు. ముక్కు దూలం వంకరుంటే సరిచేస్తాం, కానీ ఒక్క దాంతో ఈ జబ్బు పోవడం అరుదు. నాలుక మొదలు వెనక్కి పడేవాళ్ళకి అక్కడ తగ్గిస్తాం. దవడ చిన్నదై వెనక్కి ఉన్నవాళ్ళకి…”

“దవడ కూడా కోస్తారా?” వనజాక్షి చెయ్యి తన దవడ మీదికి పోయింది.

“రెండు దవడల ఎముకలూ కోసి ముందుకు జరిపి బిగిస్తారు. పెద్ద ఆపరేషన్. బాగా పనిచేస్తుంది, కానీ అందరికీ అవసరం రాదు. ఛాతీ చర్మం కింద చిన్న యంత్రం పెట్టి, నిద్రలో నాలుకని ముందుకు నెట్టించే పద్ధతి కూడా వచ్చింది. అది మన దగ్గర లేదు.”

కామాక్షయ్య ముందుకు వంగి కూచున్నాడు. “ఆ కొండనాలుక దగ్గర కుట్టేది… దానికి గొంతు మారతాదా అమ్మా?”

“మొదట్లో కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు ఉండొచ్చు. నీళ్ళు తాగితే ముక్కులోకి రావచ్చు. చాలామందికి సర్దుకుంటుంది. రెండు వారాలు మింగడానికి బాగా నొప్పి.”

“కేకేస్తే? కేకేస్తే దూరానికి వినపడతాదా, ముందటి మాదిరి?”

వనజాక్షికి నవ్వు ఆగలేదు. “నువ్వెప్పుడు కేకేసినావు మావా? నీ గొంతు నాకే సరిగ్గా వినపడదు.”

అతను కూడా నవ్వాడు గాని, జవాబు కోసం డాక్టరమ్మనే చూస్తున్నాడు. “వినపడుతుంది,” అందామె. అతను వెనక్కి జారి కూచున్నాడు.

ముందు పరీక్ష చెయ్యాలంది డాక్టరమ్మ. ఆసుపత్రిలో పడుకోనక్కరలేదు, చిన్న పెట్టె ఇస్తారు, ఇంట్లోనే కట్టుకుని పడుకుంటే చాలు. వనజాక్షి చెప్పులేసుకుని వరండాలోకి వచ్చాక చూస్తే మొగుడు వెనక రాలేదు. తలుపు సందులోంచి అతని గొంతు వినిపించింది. “అమ్మా, ఈ జబ్బు ఆడోళ్ళకి కూడా వస్తాదా?”

“వస్తుంది. వాళ్ళు బయటికి చెప్పుకోరు, అంతే తేడా.”

ఏం మాటలో ఇవి అనుకుంది వనజాక్షి.

కింద గదిలో అజారుద్దీన్ అనే అబ్బాయి కామాక్షయ్యకు పెట్టె కట్టే తీరు నేర్పాడు. ఛాతీకి పట్టీ. ముక్కు కింద సన్నటి గొట్టం. కాలరు దగ్గర గురక వినే చిన్న మైకు. “మనిషి ఎటు తిరిగి పడుకున్నాడో కూడా తెలిసిపోద్దన్నా,” అన్నాడు గొప్పగా. చివరికి ఒక క్లిప్పు తీసి, ఎడమ చెయ్యి ఇమ్మన్నాడు. “చూపుడు వేలికి పెట్టాలి.”

కామాక్షయ్య కుడి చెయ్యి చాపాడు.

“ఎడమదన్నా. కుడి చెయ్యి కదులుతా ఉంటది.”

“ఎడమ వేలు నాకు కావాలయ్యా,” అన్నాడు కామాక్షయ్య.

“నిద్రలో ఏం చేస్తావన్నా దాంతో?”

కామాక్షయ్య ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. కుడి చెయ్యి అట్లాగే చాపి ఉంచాడు. అజారుద్దీన్ నవ్వి దానికే పెట్టి చూపించాడు. వనజాక్షి కడుపుబ్బ నవ్వింది. “కొంగు పట్టుకోవాలబ్బయా, మా ఆయనకి! అది లేకపోతే నిద్ర రాదు.”

*

మరుసటి పొద్దున ఆమె లేచేసరికి అతను అప్పటికే పట్టీ విప్పి, పెట్టెను గుడ్డలో చుట్టి, టీ పెట్టి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆమె నుదుటికి బామ్ రుద్దుకుంటూ, “ఎట్టుండాది మిషను? నాకు మెలకువ వచ్చినప్పుడల్లా కళ్ళు తెరుచుకునే ఉంటివి,” అంది.

“కొత్త గదా,” అన్నాడు.

ఆ రోజే మళ్ళీ నెల్లూరు పోయారు. డాక్టరమ్మ కంప్యూటరు వాళ్ళ వైపు తిప్పింది. రంగురంగుల గీతలు ఒకదాని కింద ఒకటి అలల్లా పోతున్నాయి. ఆమె ముఖంలో నిన్నటి నవ్వు లేదు. కోపమూ లేదు. ఏదో పోగొట్టుకున్న వస్తువు వెతుకుతున్నట్టు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“ఇది వినండి,” అంది.

గురక గది నిండింది. బయట బల్ల మీద కూచున్నవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు.

“అదే! అదే అమ్మా!” వనజాక్షి మొగుడి చెయ్యి తట్టింది. “ఇప్పుడన్నా ఒప్పుకుంటావా మావా? విను, నీ సంగీతం.”

కామాక్షయ్య నేల చూస్తున్నాడు.

“గురక ఉంది. కానీ ఈ గీత చూడండి, ఇది ఆయన ముక్కులో గాలి,” అంది డాక్టరమ్మ. “ఆ గురకకీ దీనికీ సంబంధం లేదు. గురక ఆగినచోట ఈయన ఊపిరి ఆగలేదు. ప్రాణవాయువు ఎక్కడా తగ్గలేదు. అసలు ఈయన నిద్రపోయినట్టే లేదు.” వేలు కింది గీత మీదికి జరిపింది. “ఇది ఈయన పడుకున్న తీరు. గురక ఆగిన ప్రతిసారీ ఇక్కడ ఒక మలుపు ఉంది. ఆగినప్పుడల్లా ఈయన ఎడమ పక్కకి తిరిగారు. ఒక్కసారి కూడా తప్పలేదు.”

కంప్యూటరులో గురక ఉన్నట్టుండి ఆగింది. పోలేరమ్మ చెప్పినట్టే, ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం సాగుతూనే ఉంది. వనజాక్షి తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. బట్ట రాసుకున్న సవ్వడి ఒకటి సన్నగా వినిపించింది. వెంటనే మునిగిన మనిషి పైకి తేలినట్టు గుప్పుమని ఊపిరి. ఆ ఊపిరి చివర్నే, అదే గొంతు, నిద్రమత్తులో విసుగ్గా అంది: “కొంగు వదులు మావా.”

డాక్టరమ్మ దాన్ని ఆపేసింది.

“మీకు ఎడమ పక్కన ఎవరు పడుకుంటారు?” అని కామాక్షయ్యను అడిగింది. అడగాల్సిన పని లేదని ఆమెకు తెలుసు. అయినా మెల్లగా అడిగింది.

అతను ఎడమ చూపుడు వేలిని కుడిచేత్తో రుద్దుకుంటున్నాడు. గాలం తాడు ఒరుసుకుని ఒరుసుకుని ఆ వేలి మీద ఒక గాడి పడి ఉంటుంది. వనజాక్షి దాన్ని ఎన్నో ఏళ్ళుగా చూస్తోంది. ఇవాళ చూసినట్టు ఎప్పుడూ చూడలేదు.

ఆమె ముఖం చెవుల దాకా ఎర్రబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, “మిషను తప్పు చెప్పదా అమ్మా?” అంది.

“చెప్పొచ్చు. అందుకే మీ గొంతు ఒకసారి చూస్తాను.”

నోరు తెరిచింది. టార్చి వెలుగు. డాక్టరమ్మ ఈసారి ఎక్కువసేపు చూడలేదు. “టాన్సిల్స్ రెండూ దాదాపు ఒకదాన్ని ఒకటి తాకుతున్నాయి. పైన మెత్తటి భాగం కూడా బాగా వదులుగా ఉంది. ఇంత సన్న దారిలో ఇన్నేళ్ళు ఎలా ఊపిరి తీశావమ్మా?”

వనజాక్షి బొటనవేలి కట్టును గోరుతో గీకుతోంది.

“మీకు వేరే పరీక్ష చేస్తాం, ఇక్కడే పడుకోబెట్టి. ఆ తర్వాత మత్తిచ్చి, గొట్టంతో ఏ చోట మూసుకుంటోందో కళ్ళారా చూస్తాం. నాకు అనిపించేది, మీకు టాన్సిల్స్ తీసి, ఆ పై భాగం కుట్టే ఆపరేషన్ పనికొస్తుంది. దవడ జోలికి పోనక్కరలేదు. అప్పటి దాకా మాస్కు ఇస్తాను, పక్కకి తిరిగి పడుకోవాలి.”

“కోస్తే పూర్తిగా పోతాదా?” అడిగాడు కామాక్షయ్య.

“చాలావరకు తగ్గుతుందనే నా నమ్మకం. పూర్తిగా అని మాటివ్వలేను. కొన్ని నెలలకి మళ్ళీ పరీక్ష చేసి చూడాలి. మిగిలితే అప్పుడు మాస్కు.” డాక్టరమ్మ వనజాక్షి వైపు తిరిగింది. “గొంతు గురించి భయం వద్దు. మీరేం పని చేస్తారు?”

“చేపలమ్ముతానమ్మా. వీధుల్లో కేకేసి…” అని ఆగిపోయింది వనజాక్షి.

కేకేస్తే దూరానికి వినపడతాదా, ముందటి మాదిరి? అని అడిగిన మనిషి పక్కనే కూచుని, గోడ మీద గొంతు బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాడు.

*

బస్టాండు పక్క నిమ్మకాయ సోడా బండి దగ్గర ఆమె ఇక ఆగలేకపోయింది.

“ఊరంతా నవ్వతా ఉంటే, నేను పక్కనే కూచుని నవ్విస్తా ఉంటే, నోరెందుకు మెదపలేదు? నన్ను పిచ్చిదాన్ని చేసినావు.”

“అట్టా కాదు వనజా.”

“ఎట్టా మరి?”

“మొదట్లో పోలేరమ్మత్త గోడవతల నుంచి ఎవర్రా అది అని కేకేసింది. నేనేనత్తా అన్నా. ఆడమనిషి గురక అంటే ఆ నోళ్ళు ఊరుకుంటాయా? ఒకసారి నాదే అన్నాక నాదే అయిపోయింది. నేను వేటకి పోయిన రేత్రులు నువ్వు ఒడ్డున చేపలకి కాపలా కూచునేదానివి, అందుకే ఎవురికీ అనుమానం రాలేదు.” సోడా గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. “మగోడి గురకకి ఎవురూ వంక పెట్టరు. నవ్వి పోతారు.”

“నాకన్నా చెప్పొచ్చు గదా.”

సోడా బండివాడు సీసా గోలీ నొక్కిన చప్పుడు. గూడూరు బస్సు ఒకటి నిండుగా పోయింది.

“మీ అమ్మ నిద్రలోనే పోయింది,” అన్నాడు చివరికి. “మధ్యలో ఊపిరి ఆగతా ఉండాదని చెబితే, ఇక నువ్వు కన్ను మూస్తావా? పగలంతా ఎండలో చేస్తావు. ఒకరికన్నా నిద్ర ఉండాల గదా.”

“కొంగెందుకు?”

అదొక్కటి చెప్పడానికి అతనికి సిగ్గేసింది. ఎడమ చెయ్యి చాపి, ఆమె కొంగు కొసను చూపుడు వేలి మీద వదులుగా వేసుకున్నాడు. గాలం వేసి చేప కోసం కూచున్నప్పుడు తాడు వేసుకున్నట్టే. “ఇట్టా వేసుకుంటే, చీకట్లో కూడా తెలస్తాది. నువ్వు పీలిస్తే పోతాది. వదిలితే వస్తాది. కన్ను మూసుకున్నా వేలికి తెలస్తానే ఉంటాది. ఆగితే ఒకసారి లాగతా. నువ్వు తిట్టి, ఊపిరి తీసుకుంటావు.”

వనజాక్షి సోడా తాగడానికి గ్లాసు ఎత్తింది. నోటి దాకా వచ్చి ఆగింది.

“మరి డాక్టరమ్మ కనిపెట్టకపోతే? నీ గొంతు కోయించుకునేవాడివా, ఏ రోగం లేకుండా?”

“ఆమె తెలివైంది. ఒట్టి గొంతు కోస్తాదా?” అతను నవ్వాడు. “అసలీ జబ్బుకి మందేందో తెలుసుకోవాలని పోయినా. ఎవుర్ని అడగాలో తెలీలేదు ఇన్నాళ్ళూ. మధుబాబు నన్ను బోటు ఎక్కించుకోనన్నాడు, మంచిదే అయింది.”

“మంచిదే అయింది,” అని అతని మాటనే వెక్కిరించింది ఆమె. కళ్ళు తుడుచుకోడానికి కొంగు కావాలి. అది ఇంకా అతని వేలి మీదే ఉంది. ఆమె లాక్కోలేదు. ముంజేత్తో తుడుచుకుంది.

*

తమ పాలెంలో బస్సు దిగేసరికి ఎండ వాలింది. పోలేరమ్మ కుళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. కాస్త అవతల మధుబాబు, ఇంకో ఇద్దరూ బోటు అడుగుకు రంగు వేస్తున్నారు.

“ఏం అల్లుడా!” పోలేరమ్మ అక్కడి నుంచే కేకేసింది. “గొంతు కోయించుకొచ్చినావా, అట్టనే తెచ్చినావా?”

అతను అలవాటుగా నవ్వి నడవబోయాడు. వనజాక్షి ఆగింది. ఆమె కాళ్ళు ఆగిపోవడం చూసి అతను వెనక్కి తిరిగి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“గురక ఆయనది కాదత్తా,” అంది వనజాక్షి. చేపలమ్మే గొంతు అది. కుళాయి దగ్గరికే కాదు, బోటు దాకా పోయింది. “నాది.”

ఎవరూ నవ్వలేదు. జోకు మిగతా సగం కోసం చూస్తున్నారు.

“నిజం. మిషను పెట్టి చూసినారు. నా గొంతు నిద్రలో మూసుకుపోతాదంట. నువ్వు లేచి కూచునేవే, పాణం పోయిందా అని, ఆ పాణం నాది. అది పోకుండా ఈ మనిషి కూచుని కాపలా కాస్తుండాడు. నేను నిద్రపోయి, లేచి, సంతలో మీ అందరికీ నవ్వులు పంచినా.”

పోలేరమ్మ బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఆమె కుళాయి కట్టడం మరిచింది. “నీదా మే?” అంది సన్నగా. కాసేపాగి, “నేను ముక్కు మూసుకుని చేసి చూపిస్తిని గదా, నీ ముందరే…”

“బాగా చేసినావత్తా. మిషన్లో కూడా అట్టనే ఉండాది.”

అప్పుడు నవ్వారు. అందరికంటే ముందు వనజాక్షే నవ్వింది. సిగ్గు పోలేదు గాని, అనుకున్నంత బరువు లేదు.

మధుబాబు రంగు బ్రష్షు చేత్తో పట్టుకునే వచ్చాడు. కామాక్షయ్య ముందు నిలబడి, బ్రష్షు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“నువ్వే గదా అన్నావు,” అంది వనజాక్షి అతనితో, “నిద్రపోయే మనిషిని కాపలా పెట్టి ఎట్టా కన్ను మూసేదని. నేను మూసినా. ఇన్నేళ్ళూ మూసినా. ఒక్కసారి కూడా నన్ను మునగనీలేదు. నీ వల చీలితే ఆ తప్పు నాది, ఆయనది కాదు. నాకు ఆపరేషన్ చేస్తుండారు. అప్పటి దాకా మాస్కు తగిలించుకుంటా. ఇక ఆయన నిద్ర ఆయనకుంటాది.”

“అన్నా,” అన్నాడు మధుబాబు. రంగంటిన చేత్తోనే కామాక్షయ్య భుజం పట్టుకున్నాడు. తెల్లచొక్కా మీద నీలం వేళ్ళు పడ్డాయి.

*

బోటు దించే రోజు మధ్యాహ్నం, వనజాక్షి ఎండుచేపలు ఒక పక్కకు ఊడ్చి, పందిరి కింద చాప పరిచింది. “కాసేపు నడుం వాల్చు మావా. సాయంత్రం పోవాల్సినోడివి,” అంది. అతను పడుకున్నాడు. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపి కొంగు కోసం వెతికాడు. ఆమె ఆ చేతిని అతని పొట్ట మీద పెట్టి, “నేను మెలకువగానే ఉండా,” అంది.

చూస్తుండగానే నిద్రపోయాడు. నోరు మూసుకుని, పసివాడిలా, చప్పుడు లేకుండా. ఇల్లు కట్టినప్పటి నుంచి అతను ఇట్లా నిద్రపోవడం ఆమె చూసిందా అని గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. తాను చూసిందల్లా తెరిచి ఉన్న కళ్ళే.

అతని మెడ కింది తువ్వాలు కొస ఒకటి ఛాతీ మీంచి చాప మీదికి జారింది. వనజాక్షి దాన్ని తీసి తన చూపుడు వేలి మీద వదులుగా వేసుకుంది. మొదట ఏమీ తెలియలేదు. గాలికి కదులుతోందేమో అనుకుంది. కొంచెం ఓపిక పట్టింది. అప్పుడు తెలిసింది. పోతోంది. వస్తోంది. మెల్లగా, ఎక్కడా తెగకుండా.

ఇసకలో చెప్పుల చప్పుడు. మధుబాబు దూరం నుంచే, “అన్నా! నీళ్ళు పోటుకొచ్చినాయి, రా…” అని మొదలుపెట్టాడు.

వనజాక్షి రెండో చెయ్యి ఎత్తి ఆపమంది. పెదాల మీద వేలు పెట్టుకుంది.

“ఇంకాస్సేపు,” అంది గుసగుసగా. వీధి వీధంతా వినపడే గొంతు, పక్కన పడుకున్న మనిషికి కూడా వినపడకుండా. “ఇప్పుడే పట్టింది నిద్ర. బోటు ఆగతాదిలే.”

మధుబాబు అతన్ని చూశాడు. ఆమె వేలి మీది తువ్వాలు కొసను చూశాడు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, ఇసక మీద అడుగులు వినపడకుండా వెనక్కి పోయాడు.